రాత్రి షిఫ్టు

ఆదోనిలో మందుల అంగడి నాది, ఇరవై రెండేళ్ళుగా.
పత్తి లారీలు మలుపు తిరిగే చోటు.
గాజు పలక మీద పొద్దున్నే దూది నుసి తుడవందే
ఏ మాత్ర పేరూ కనపడదు.
మాత్ర ఇవ్వడం తెలుసు, చిల్లర ఇవ్వడం తెలుసు.
మింగినాక అది ఎక్కడికి పోతుందో
ఉరుకుందమ్మ వల్ల తెలిసింది.

జిన్నింగు మిల్లులో
గింజను దూది నుంచి విడదీసే పని ఆమెది.
గుండెలో ఒక తలుపు చెడితే
కర్నూలు పెద్దాసుపత్రిలో లోహపు తలుపు బిగించినారు.
"కరెంటు పోయి ఫ్యాను ఆగితే
ఆమె రొమ్ములో గడియారం వినపడతాదన్నా"
అనేవాడు మొగుడు.
ఆ తలుపు కాడ నెత్తురు గడ్డకట్టకుండా
రోజుకొక మాత్ర, ఐదు మిల్లీగ్రాములు.
నెలనెలా పరీక్ష. అంకె మూడు కాడ నిలబడాల.
నిలబడింది, నాలుగేళ్ళు.

తర్వాత దగ్గు.
దూది నుసి దగ్గేలే అనుకుంది. క్షయ.
సర్కారు మాత్రలు మొదలైన మూడోనాడు
ఎగపోసుకుంటా వచ్చింది.
"మద్దిలేటన్నా, ఒంటికి పోతే మోదుగుపూల నీళ్ళు!"
ఆ మందు రంగు అంతే తల్లీ అన్నాను, తెలిసినవాడి మాదిరి.
నాకు తెలిసింది రంగు వరకే.

నెల తిరిగేలోగా అంకె ఒకటింబావుకు జారింది.
ఒక్క పూటా మానలేదని ఈరన్న సామి మీద ఒట్టేసింది.
డాక్టరమ్మ కాగితం మీద కార్జం బొమ్మ గీసి చెప్పిందట.
ఉరుకుందమ్మ నాకు మిల్లు భాషలో చెప్పింది:

"కార్జం కూడా జిన్నింగు మిల్లేనంటన్నా.
వచ్చిన మందునల్లా చీల్చి బయటికి తోస్తాది.
ఈ క్షయ మాత్ర కొత్త మేస్త్రీ.
వచ్చీ రాగానే మిషన్లు పెంచినాడు,
రాత్రి షిఫ్టు పెట్టినాడు.
నా గుండె మాత్ర పని మొదలుపెట్టకముందే
తునకలు చేసి పారేస్తాండారు."

ఇంతకంటే బాగా నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు.
ఐదు ఏడైంది, ఏడు తొమ్మిదైంది,
పదకొండు కాడ అంకె మళ్ళీ నిలబడింది.

ఆరు నెలలకు క్షయ పోయింది.
బొరుగులూ బెల్లమూ పొట్లం కట్టి తెచ్చింది.
"ఇంక ఒక్క మాత్రేనన్నా, పాత స్నేహం."
బొరుగులు నములుతా నేనిచ్చింది ఎంత?
పదకొండే.
చీటీలో అదే ఉంది. చీటీ చూసినాను.
ఎప్పటి చీటీ అని చూడలేదు.

మేస్త్రీ వెళ్ళిపోయినాడు.
రాత్రి షిఫ్టు వాళ్ళు మూటలు సర్దుకున్నారు,
ఒక్క దినంలో కాదు, రెండు మూడు వారాల్లో,
ఎవరికీ చెప్పకుండా.
గేటు కాడికి మాత్రం పదకొండు బండ్లూ వస్తానే ఉన్నాయి.

పళ్ళు తోముకుంటే నెత్తురు.
తొడ మీద అరచేతంత మచ్చ, నేరేడు పండు రంగు.
మూట తగిలిందేమోలే అనుకుంది.
ఒక తెల్లారుజామున మొగుడు నా షట్టరు బాదినాడు.
ఆటోలో ఆమె తల ముందుకు వంచుకొని, ముక్కుకు తువ్వాలు.
తువ్వాలు తెల్లదని కొసన మాత్రమే తెలుస్తా ఉంది.

బతికింది. అది ముందే చెప్పాల్సింది నేను.
పరీక్షలో ఏడు దాటింది.
విరుగుడు, ఆకుకూరల్లో ఉండే సత్తువేనంట,
డాక్టరమ్మ బెదురుతా బెదురుతా రవ్వంత ఇచ్చింది,
ఎక్కువైతే తలుపు పట్టేస్తాదని.

ఏం వేసుకుంటున్నావని అందరూ అడుగుతారు.
నేనిప్పుడు ఏం మానేసినావు అంటాను.
మూర్ఛ మాత్ర మానినావా? నాటు మందు? బీడీ?
నవ్వుతారు.
"మానిందానికి కూడా లెక్క రాస్తావా మద్దిలేటీ?"
రాస్తాను. అప్పుల పుస్తకంలో, వెనక పేజీ నుంచి.

మొన్న ఉరుకుందమ్మ వచ్చింది. మళ్ళీ ఐదు మిల్లీగ్రాములు.
"పుండికూర తినొచ్చునా అన్నా?"
"తిను. వారం వారం అంతే తిను.
ఈ వారం కట్ట, వచ్చే వారం గంప చేయొద్దు."
ఆమె చిల్లర లెక్కపెడతా ఉంటే
రెండు లారీల మధ్య రోడ్డు ఒక నిమిషం ఖాళీ అయింది.
గాజు పలక మీదికి వంగి విన్నాను.
టిక్కు. టిక్కు.