గీకిన చోటు

మా అమ్మ పేరు హవీస్.
థార్న్‌హో దొరగారి కచేరీలో, దూడతోలు చుట్టల్లో
ఆ పేరు పదమూడు సార్లుంది.
పన్నెండు సార్లు, కొలత తక్కువ బీరు అమ్మినందుకు జరిమానా.
కొలత ఎన్నడూ తగ్గలేదు. తాగినవాళ్ళకి తెలుసు,
రాసినవాడికి ఇంకా బాగా తెలుసు.
రెండు పెన్నీలు అక్కడ పారేస్తే
గుమ్మం మీద ఆకుల కొమ్మ కట్టుకోవచ్చు, అంతే.

పదమూడోది నా పెళ్ళికి.

మేం నేలతోబాటు చేతులు మారే మనుషులం.
ఎడ్లు ఇన్ని, గొర్రెలు ఇన్ని, మేం ఇంతమందిమి.
నాన్న వారానికి మూడు రోజులు దొర చేలో దున్ని
మిగతా రోజులు నడుం పట్టుకుని కూచునేవాడు.
ఆయన చెమటకి లెక్క ఉండేది, ధర ఉండేది కాదు.
ధర పలికింది అమ్మ చేతిలోని బార్లీకే.
నానబోసి, అటక మీద పరిచి,
మొలక గోరంత కాగానే నిద్రలోంచి లేచి తిరగేసి,
పొగ తగలకుండా వేయించి
దంచి
ఆమె ఒంటికి ఎప్పుడూ పులిసిన వాసనే.
చర్చిలో పక్కవాళ్ళు కొంచెం జరిగి కూచునేవారు.

ఇరవై నాలుగు పెన్నీలు. నాలుగేళ్ళు.
తొట్టి అడుగున, మడ్డి కింద దాచింది.
"మడ్డిలో ఎవడు చెయ్యి పెడతాడే?"

నాకు రోజర్ అంటే ఇష్టం. దున్నేవాళ్ళ కుర్రాడు,
ఈల వేస్తే ఎడ్లు ఆగేవి.
అమ్మ చూపించింది ఓస్బెర్ట్‌ని:
పట్నంలో పెంకులు నేసేవాడు, ఒక కాలు ఈడుస్తాడు,
పళ్ళు సగం లేవు,
ఏ దొరకీ కట్టుబడినవాడు కాడు.
నేను ఏడ్చాను. ఆమె జల్లెడ ఆపలేదు.
"రోజర్ కొడుకు మళ్ళీ రోజరే అవుతాడు.
ఇతని కొడుకు ఎవడైనా కావచ్చు.
నీ మనసు సంగతి నాకు తెలుసు, అమీస్.
నీ కడుపు సంగతి నీకే తెలీదు."

కచేరీ బల్ల మీద నాణాలు పరిచింది, తడితడిగా.
అధికారి వేళ్ళు తుడుచుకున్నాడు.
ఎవరు కట్టినట్టు రాయాలి, అని అడిగితే
నాన్న నేల చూశాడు.
"హవీస్ అని రాయండి," అంది.

ఓస్బెర్ట్ మంచివాడే. ఇష్టం రావడానికి
పదేళ్ళు పట్టింది, వచ్చాక ఏడాదికే పోయాడు.
నేనూ కొమ్మ కట్టాను, నేనూ జరిమానాలు కట్టాను.
ఆ డబ్బుతో నా థర్‌స్టన్ అక్షరాలు నేర్చాడు,
లాటిన్ నేర్చాడు,
చివరికి ఆ కచేరీలోనే గుమాస్తా అయ్యాడు.

ఇప్పుడు ఉన్ని వర్తకుడి కూతురితో సంబంధం.
వాళ్ళు మర్యాదస్తులు. మీ అమ్మ తరఫు వాళ్ళెవరు,
అని ఒక్కసారే అడిగారట, మెల్లగా.

నిన్న రాత్రి చుట్ట ఒకటి అంగీలో దాచి తెచ్చాడు.
చిన్న కత్తి, నురగరాయి.
"దీపం పట్టుకోమ్మా."
పట్టుకున్నాను.
"ముందు చదివి వినిపించు," అన్నాను.
లాటిన్‌లో చదివాడు, తర్వాత మన మాటల్లో:
హవీస్, తన కూతురు అమీస్ని
ఊరి బయటికి ఇచ్చుకోవడానికి, రెండు షిల్లింగులు.
అంతే. ఒకటిన్నర వరస.
నేను అంతకంటే పొడుగ్గా ఉంటుందనుకున్నాను.

గీకాడు. ఓర్పుగా, తోలు చిరగకుండా,
నా బిడ్డకి మంచి చెయ్యి.
బీరు జరిమానాలు వదిలేశాడు.
బీరు ఎవరైనా కాస్తారు.
నా చెయ్యి వణికిందో ఏమో, ఒకచోట మైనం పడింది.
వాడు ఏమీ అనలేదు.

చివర్లో దగ్గాడు. ఆ పొడి గొంతులోకి పోయినట్టుంది.
"తాగడానికేమైనా ఉందా అమ్మా?"
లేచి, అమ్మ కూజాలోంచి పోశాను,
అంచుదాకా.