వెలుగు కాళ్ల మీద

షెఫీల్డ్‌లో వీధులు పడుకోవు,
నిలబడే ఉంటాయి.
ఆల్డర్ స్ట్రీట్ సగం ఎక్కేసరికి
టైమెంతయిందో డోరీన్ మోకాళ్లే చెప్పేస్తాయి.

మంగళ, శుక్రవారాలు మా వంతు.
ముగ్గురికి మెరిసే జాకెట్లు రెండే.
ఇద్రీస్ తన టాక్సీ కోటుకి
సైకిల్ దీపం తగిలించుకుంటాడు.

నోటుపుస్తకంలో డోరీన్ రాత:
"పదీ నలభై. పద్నాలుగో నెంబరు ముందు దీపం వెలగట్లేదు.
పదకొండూ ఐదు. నక్క, చెత్తడబ్బా. నక్కదే గెలుపు.
పదకొండున్నర. ఏమీ లేదు."

ఆ ఏమీ లేకపోవడం కోసమా ఇంత చలిలో
అని మా వార్డులో నర్సులు నవ్వుతారు.
వాళ్లు మాత్రం
రాత్రంతా మేలుకునేది మరి దేనికోసం?

వీళ్లని నేను మొదట చూసింది
టార్చికి అవతలి వైపు నుంచి.
ఆఖరి బస్సు తప్పిపోయి, నడిచొచ్చి,
నా గుమ్మంలో నేను తాళంచెవి వెతుక్కుంటుంటే
మొహం మీద తెల్లటి దెబ్బ.
"ఎవరికోసం?" అంది డోరీన్.
"నాకోసమే" అన్నాను.

మర్నాడు అరటిపండు కేకు పట్టుకొచ్చింది.
అడుగు మాడింది. తిన్నాను.
ఆ వచ్చే శుక్రవారం వెళ్లి జాకెట్ అడిగాను.
ఒక్క షరతు పెట్టాను:
వెలుగు కాళ్ల మీద వెయ్యాలి,
మొహాల మీద కాదు.

ఈ రాత్రి
గోడ మీద ఎవరో. టోపీ కళ్లదాకా.
ఇద్రీస్ ఆగాడు. డోరీన్ పెన్ను మూత తీసింది.
నేను టార్చి దించాను.
స్కూలు బూట్లు.
ఒక లేసు ఊడి వాన నీళ్లలో వేలాడుతోంది.
మేజోళ్లు రెండూ రెండు జతలవి.

తాళం లోపలే ఉండిపోయిందట.
ఆఫీసులు తుడిచే అమ్మ
ఒంటిగంట దాటితే గాని రాదట.

ఫ్లాస్కు మూతలో టీ పోశాం.
ఎర్ర జట్టా, నీలి జట్టా అని
ఇద్రీస్ వాడితో గొడవ పెట్టుకున్నాడు.
నీలం అన్నందుకు మూత వెనక్కి లాక్కోబోయాడు.
"ఏమని రాయను?" అంది డోరీన్.
"లేసు ఊడింది. కట్టుకున్నాడు" అన్నాను.

ఒకటీ ఇరవై.
వీధి మొదట్లో ఒకావిడ, చేతిలో సంచి,
పైకి చూసి
చటుక్కున ఆగిపోయింది.
చీకట్లో తన కొడుకు,
వాడి చుట్టూ ముగ్గురు.

ఎవరం ఏమీ అరవలేదు.
డోరీన్ టార్చి వెలిగించి
మా కాళ్ల మీద వేసింది.