జీడి చేతులు

కాశీబుగ్గ రైలు గేటుకి ఇవతల, టీకొట్టు వెనక
గురువారాలు తెల్లారుజామున నాలుగున్నరకి
నలుగురం కూచుంటాం.

నేను రాత్రి షిఫ్టు దిగి వస్తాను
ఒళ్లంతా పిక్కలు ఉడికిన ఆవిరి వాసనతో.
లైన్‌మన్ కృపావరం సైకిలు మీద.
చేపల లారీ క్లీనరు ఆమోసు వచ్చిన వారం వస్తాడు,
రాని వారం ఎందుకు రాలేదో మాకు తెలుసు.
జెకర్యాగారు, ఒకప్పటి గేటుమేను,
చెప్పులు విప్పి మరీ కూచుంటారు.
ఇది మందిరం కాదు కదండీ అంటే నవ్వుతారు.

ముందు ఫోన్లు బయటికి.
నాలుగూ బల్ల మీద బోర్లా పెడతాం,
కాళ్లు కట్టేసిన పీతల్లా.
అప్పుడప్పుడూ కదుల్తాయి.

మొదటి వారం నాకు నోరు పెగల్లేదు.
"పాపం చేశానండీ" అన్నాను.
పెద్ద మాట అది, వెనకాల దాక్కోడానికి చోటుంటుంది.
"పాపం అని నానూ అంటాను, దొంగోడూ అంటాడు.
ఎక్కడ కూకున్నావు బావూ, ఎన్ని గంటలకి, ఏటి సూసినావు?"

చెప్పాను.
బాయిలర్ వెనక, జీడి తొక్కల గుట్ట చాటున,
రెండూ పది నుంచి మూడున్నర దాకా,
ప్రెషరు ముల్లు ఎర్రగీత దాటినా లేవకుండా.
చెబుతుంటే టీ మీద మీగడ కట్టింది.
ఎవరూ లేచి వెళ్లిపోలేదు.
కృపావరం మాత్రం తల దించుకుని
"నాది మిద్దె మీద, నీళ్ల ట్యాంకు పక్కన" అన్నాడు.

పదకొండేళ్లు ఆ షెడ్డులో
పిక్కలు కొట్టే ఆడాళ్ల మధ్య నడిచాను.
చూడకూడని చూపంతా చూశాను,
ఒక్కరి చెయ్యి చూడలేదు.
మొన్న పారమ్మ బూడిద అందించమని అరచెయ్యి చాపింది.
వేలికొసలు నల్లగా, నున్నగా,
గీతన్నది లేకుండా.
"ముద్ర పడట్లేదన్నయ్యా,
మిషను ఒప్పుకోక రెండు నెల్ల బియ్యం పోయింది."
అన్నయ్యా అంది.
నన్ను.

ఆ రాత్రి తొక్కల గుట్ట దగ్గరికి వెళ్లాను, అబద్ధమెందుకు.
ఫోను తీశాను కూడా.
ఈ అద్దంలోని పిల్లలకీ చేతులుంటాయి కదా అని
మొట్టమొదటిసారి తోచింది.
వీళ్లనీ ఏ పొగలో, ఎవడు కూచోబెట్టాడో.
ప్రార్థన చేశానని చెప్పను.
ఏడ్చాను, అంతే.
బాయిలర్ ఈలేస్తుంటే లేచి వెళ్లి బిరడా తిప్పాను.

తర్వాత గోడ మీద సుద్దగీతలు గీశాను, రోజుకొకటి.
నలభై ఒకటి దాకా వచ్చాయి.
నలభై రెండోది లేదు.

ఆ ఆదివారం రొట్టె పళ్లెం వస్తే
తీసుకోకుండా పక్కకి అందించేశాను.
సుగుణమణి ఆడవాళ్ల వైపు నుంచి చూసింది.
దారంతా ఏమీ అడగలేదు. ఇంటికొచ్చాకా అడగలేదు.
అన్నం ముందు కూచుని నేనే చెప్పాను, మొత్తం, గంటలతో సహా.
లేచి, మంచం పక్కనుండే చార్జరు పీకి
వంటింట్లో ఉప్పుజాడీ పక్కన పెట్టింది.
"చల్లారిపోతోంది, తిను" అంది.
క్షమించానని అనలేదు.
అనమని నేనడగను.

గోడ గీతల సంగతి విని జెకర్యాగారు
నా చెయ్యి లాక్కుని దీపం కిందికి తిప్పారు.
"జీడి మరక సబ్బుకి పోద్దేటి?
గోకితే పుండవుద్ది.
అడుగునుంచి కొత్త తోలు రావాల, అప్పుడే ఊడుద్ది.
నువ్వు తెప్పించీది కాదది. వస్తాది.
నువ్వు మాత్రం సెయ్యి మళ్లీ రసంలో ఎట్టకు."
మళ్లీ పెడితే? అని అడిగాను.
"గురువారం వొస్తాది కదా."

ఈ వారం ఆమోసు రాలేదు.
అతని గ్లాసు అలాగే ఉంది, ఈగ వాలింది.
గూడ్సు బండి ఒకటి గేటు దాటేదాకా
ఎవరం మాట్లాడలేదు.

బోర్లా ఉన్న నా ఫోను తిప్పాను.
పేరు వెతికి నొక్కాను.
రింగవుతోంది.