రిబ్బన్

పాణిగ్రాహి మందులకొట్లో
చిల్లర లేదని రెండు పిప్పరమెంట్లు కలిపిచ్చాడు.
"నిద్రమాత్ర కాదు బాబూ, మెగ్నీషియం.
పడుకునే ముందొకటి."

నాలుగు రాత్రులైంది.
పిక్కల్లో ముడి కాస్త వదిలింది.
నిద్ర మాత్రం
రాయగడ ఔటర్లో సిగ్నల్ దొరకని గూడ్సు.

ఎనిమిదో తరగతిలో సాహు మాస్టారు
పటకారుతో రిబ్బన్ ముక్క పట్టి వెలిగిస్తూ
"చూడకండర్రా, కళ్ళు మూసుకోండి" అన్నారు.
అందరూ మూసుకున్నారు.
నేను చూశాను.
సాయంత్రం దాకా
అన్నం మీదా, అమ్మ మొహం మీదా
ఒకటే తెల్లగీత.

ఆ లోహమే ఇప్పుడు
గుక్కెడు నీళ్ళతో గొంతు దిగి
అదే మాట చెబుతోంది.

ఒంటిగంట.
పక్కన హైమ నిద్రలోనే
ఒడియాలో ఎవరితోనో వంకాయలు బేరమాడుతోంది.
పది రూపాయల దగ్గర ఆగింది.

సరే మాస్టారూ,
మూసుకుంటున్నాను.