నూరు వోల్టులు

మౌంట్ రోడ్డు షోరూములో
అద్దం వెనక ఉండేది అది.
డెబ్బై ఆరు మెట్లు.
ముట్టుకోవద్దని ఒక చీటీ,
లక్షా యాభై నాలుగు వేలని ఇంకో చీటీ.
నేను రెండోదే చదివేవాణ్ణి,
వారానికోసారి బస్సు దిగి,
ధర ఏమైనా మనసు మార్చుకుందేమోనని.

ఒసాకాలో హిరానో అనే ఆయన
అదే వాయిద్యం తొంభై ఒక్క వేలకి ఇస్తానన్నాడు.
వాడినదే గానీ గీత కూడా పడలేదన్నాడు.
ఫొటోలో దాని పక్కన పిల్లి.
పిల్లి ఉన్న ఇంట్లో మోసం ఉండదని
ఎందుకనిపించిందో ఇప్పటికీ తెలీదు.

పెరంబూరు ఇంట్లో ఆ రాత్రి
కరెంటు బిల్లు వెనక లెక్క వేశాను.
అరవై మూడు వేలు మిగులు.
పెళ్లి కచేరీకి పదిహేను వందల చొప్పున
నలభై రెండు పెళ్లిళ్లు
నేను వాయించకుండానే జరిగిపోయినట్టు.
పుష్పలత బిల్లు అటూ ఇటూ తిప్పి
"మిగిలేది చేతికొస్తుందా, కాగితంలోనే ఉంటుందా?" అంది.
రేషన్ షాపులో తూకం వేసే మనిషి.
ముల్లు నిలిచేదాకా ఇంకో మాట మాట్లాడదు.

పంతొమ్మిది రోజులు
పెట్టె నీళ్ల మీద ఉందో మబ్బుల్లో ఉందో.
తర్వాత మీనంబాకం రమ్మని కబురు.

కస్టమ్స్ హాల్లో ఆఫీసరు
పెట్టె చుట్టూ ప్రదక్షిణం చేశాడు.
కొత్తదా, పాతదా?
పాతదే సార్.
పాతదానికి ఇంత మెరుపేంటి?
తుడిచి పంపినట్టున్నారు సార్.
అయితే వాయించి చూపించు.
కరెంటు లేదు, తీగ లేదు,
మెట్ల మీద వేళ్లు నడిపించాను.
ప్లాస్టిక్ టకటక తప్ప ఏమీ లేదు.
ఆయన తల ఊపాడు, తాళం తప్పకుండా.
ఊపుతూనే సుంకం రాశాడు.

సుంకం, సుంకం మీద సెస్సు, రెంటి మీదా పన్ను,
పెట్టె మూడు రోజులు నేల మీద కూర్చున్నందుకు అద్దె,
సంతకం ఎక్కడో చూపించిన వేలుకి విడిగా.
ఆటోలో పట్టలేదు.
పెట్టె చిన్న లారీలో దర్జాగా వచ్చింది,
నేను లోకల్ ట్రైన్లో నిలబడి.

ఇంటికొచ్చాక చూశాను,
వీపు మీద చీమలంత అక్షరాలు:
నూరు వోల్టులు.
మన గోడలో రెండు వందల ముప్ఫై.
ప్లగ్గు చేతిలోనే ఉంది, గోడకి జానెడు దూరంలో.
దేవుడు గుర్తు రాలేదు.
పుష్పలతని మంచినీళ్లు అడిగాను.

రిచీ స్ట్రీట్లో మునిరత్నం
చేత్తో చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్ ఇచ్చాడు.
ఇటుకంత బరువు, ఇడ్లీ కుండంత వేడి.
పైగా మూలుగుతుంది,
స్విచ్ వేసింది మొదలు తీసేదాకా.
చెవి ఆనించి విన్నాను.
ఐదుకీ ఐదున్నర శ్రుతికీ నడుమ ఎక్కడో,
ఐదుకే దగ్గర.

ట్రూపులో అడిగారు, ఎంత మిగిలిందీ అని.
నలభై వేలన్నాను.
నోట్లోంచి అదే వచ్చింది.
అసలు మిగిలింది పదకొండు వందల నలభై.
ఆ నలభై వేలు మాత్రం
నాకన్నా ముందే ఊరంతా తిరిగొచ్చాయి.
డ్రమ్స్ జెబరాజ్ వాటిని నమ్మి
జర్మనీ నుంచి తాళాలు తెప్పించాడు.
ఇప్పుడు స్టేజి మీద నాకు వీపే చూపిస్తాడు.

నిన్న కీర్తిక వచ్చింది, వయొలిన్ పిల్ల.
"ప్రాగ్‌లో ఒకటి చూశానంకుల్, సగం ధరే.
మీకు నలభై వేలు మిగిలాయట కదా!"

అబద్ధానికి రెండో చరణం కట్టబోయి ఆగాను.
బీరువాలోంచి కరెంటు బిల్లు తీసి
వెనక పక్క ఆమె చేతికిచ్చి
స్విచ్ వేశాను.
ఇటుక మొదలుపెట్టింది.
పై నుంచి దిగుతూ వచ్చిన ఆమె వేలు
సుంకం దగ్గర ఆగింది,
అద్దె దగ్గర ఇంకోసారి,
చివరి అంకె దగ్గర చాలాసేపు.

ఏమీ అనలేదు.
కాగితం మోకాలి కింద అదిమిపెట్టి
తన పాత వయొలిన్ పెట్టె తెరిచింది.
బిరడా తిప్పుతూ, తిప్పుతూ,
ఆ మూలుగుకి షడ్జం కలపసాగింది.

వంటింట్లోంచి పుష్పలత గొంతు:
"ఇంకొంచెం, అమ్మాయ్.
ముల్లింకా నిలవలేదు."