సున్నా టికెట్

పన్నెండేళ్లుగా నా పని
మొహం చూసి వయసు చెప్పడం.
తల్లి ఒళ్లో ముడుచుకున్న పిల్లాణ్ణి లేపి నిలబెట్టి
అరటికెట్టా, నిండు టికెట్టా తేల్చడం.
"ఐదింకా నిండలేదమ్మా" అంటాది ఆవిడ.
వాడేమో కిటికీ దగ్గర
మూడో ఎక్కం అప్పజెప్పుకుంటుంటాడు.

మంగళవారం, రెండు గంటల భీమిలి బస్సు.
ఇసుకతోటలో ఎక్కేరిద్దరు.
ముందతను. గెడ్డం, మోచేతి దాకా మడిచిన చొక్కా,
మెడలో ఏదో కంపెనీ తాడు,
కార్డు మాత్రం జేబులోకి తోసేసి.
వెనక మా జోషిత.
మిట్టమధ్యాహ్నం ఎండలో,
కాలేజీ యూనిఫాం మీద ఎవరిదో జర్కిన్.
పొద్దున్న నేను వేసిన జడ
విప్పేసి ఉంది.

నన్ను చూసింది.
కడ్డీ పట్టుకున్న చెయ్యి కడ్డీ అయిపోయింది.
నా డ్యూటీ మారిందని దానికి చెప్పలేదు నేను.
అదీ నాకు చాలా చెప్పలేదు.

"రుషికొండ ఒకటి. ఆవిడకి ఫ్రీయే కదా"
అన్నాడతను, ఐదొందల నోటు చాపి.
ఆవిడ!
నా కూతుర్ని ఆవిడ అన్న మొదటి మనిషి.

అమ్మనని చెప్పొచ్చు.
రైట్ రైట్ అనే ఈ గొంతుతోనే
బస్సాపించి, సముద్రం దాకా వినబడేలా అరవొచ్చు.
కానీ బస్సు నిండా జనం.
దానికి ఇంకా పదహారు.
రేపు ఇదే రోడ్డు మీద తలెత్తుకు తిరగాల్సిన పిల్ల.
చెయ్యి చాపేను.
"ఆధార్ చూపించమ్మా."

కాలిక్యులేటరూ, సగం కొరికిన తాండ్ర ముక్కా,
అట్ట ఊడిన రికార్డు పుస్తకమూ బయటికొచ్చేక
వచ్చింది కార్డు.
అందరివీ చదివినట్టే చదివేను, కాస్త గట్టిగా.
"రెండువేల తొమ్మిది. నవంబరు."
నేను నొప్పులు పడ్డ తేదీ
నా నోటితోనే.

అతను ఉలిక్కిపడతాడనుకున్నాను.
మనసులో లెక్క కట్టుకుంటాడనుకున్నాను.
పోనీ, దాని వైపు తిరిగి
"డిగ్రీ అన్నావు కదా?" అంటాడనుకున్నాను.
అంటే ఎంత బాగుండేదో.
అతను
చిల్లర అడిగేడు.

జోడుగుళ్లపాలెం దాటేక సముద్రం కనబడింది,
ఎవరి గొడవా పట్టనట్టు.
సాగర్‌నగర్‌లో అది దిగిపోయింది,
ఒక్కర్తీ, వెనక తలుపు నుంచి,
సున్నా టికెట్టు గుప్పిట్లో నలిపి.
అతను కిటికీలోంచి ఓసారి చూసి ఫోన్ తీసేడు.
రుషికొండ దాకా డబ్బిచ్చేడు కాబట్టి
కూచున్నాడు.

రాత్రి చారు మరుగుతుంటే
వంటగది గుమ్మంలో నిలబడి అంది:
"నీకూ నాన్నకీ పదకొండేళ్లు తేడా.
మరి దానికేటంటావ్?"
చేతిలో ఫోను మోగుతోంది.
అతని పేరు అందులో 'జిరాక్స్ షాప్'.

నిజమే. పదకొండు.
నాకు పదిహేను, ఆయనకి ఇరవై ఆరు.
షిప్‌యార్డులో వెల్డరు. మంచోడే.
మంచోడే అనడం నాకు ముందే నేర్పి పంపేరు.
ఆయన ఎందుకు నవ్వుతున్నాడో తెలియడానికి ఆరేళ్లు పట్టింది.
నాకూ నవ్వు రాకపోతే
నవ్వక్కర్లేదని తెలియడానికి ఇంకో పది.
ఇదంతా చెబుదామనే గరిటె కింద పెట్టేను.
నోట్లోంచి వచ్చింది మాత్రం ఇంతే:
"నన్నెవులూ ఆధార్ అడగలేదే, గుంటా."

ఫోను మోగి మోగి ఆగింది.
చారులో ఉప్పెక్కువైందంది.
రెండు ముద్దలు తిని, గోడ వైపు తిరిగి పడుకుంది.
ఏడ్చిందో, తిట్టుకుందో.
జర్కిన్ మాత్రం ఇంకా కుర్చీ మీదే ఉంది.

ఖాళీ క్యాష్ బ్యాగు దులిపితే
కార్డు కింద పడింది.
తిరిగివ్వడం మర్చిపోయేను.
అందులో ఫొటో దాని ఏడో ఏటిది.
రెండు జడలు, ముందు పన్ను లేదు,
ఫొటో తీసినవాడు నవ్వొద్దన్నా నవ్వేసింది.

పొద్దున్నే దాని బ్యాగులో పెట్టేయాలి.
రేపు ఎక్కే బస్సులో
కండక్టరు నేను కాకపోవచ్చు.