రెండు దెబ్బలు

మా రోణప్ప తాత సముద్రాన్ని చూడలేదు.
నాలికతో ఎరుగును.

నలభై నాలుగులో బెల్లందూరు చెరువులో దిగిందట
రెక్కలున్న పడవ.
ట్రాక్టరు కట్టి గట్టెక్కించి
కార్ఖానా షెడ్డులోకి గుంజుకొచ్చినారు.
ఒంటినిండా ముప్పయ్యొక్క బొక్క.
తాత సన్నపు మనిషని తోకలోకి దూర్చేవాళ్ళు.
బయట ఒకడు రివెట్టు కొడితే
లోపల ఇనప దిమ్మె అదిమి పట్టడం తాత పని.
ఒకరి మొహం ఒకరికి కనపడదు, రేకే మాట్లాడాల.
ఒక దెబ్బ: సరిపోయింది.
రెండు దెబ్బలు: ఇంకా కూర్చోలేదు, మళ్ళీ కొట్టు.

ఆ చీకట్లో మోకాళ్ళ కింద గరగరమనింది ఇసుక.
తెల్లది, ఎముకల పొడి మాదిరి.
వేలికద్ది నాకినాడు:
సంగట్లో పడే ఉప్పు కాదు, ఇంకేదో ఉప్పు.
పడవ అడుగున కరుచుకున్న గవ్వపురుగులు
మన చెరువు నీళ్ళు పడక
నోళ్ళు తెరిచి చచ్చిపోయినాయి.

డెల్మర్ అని ఒక సార్జెంటు
రేకు మీద సుద్దతో దీవిని గీసినాడు, అనపగింజంత.
మేస్త్రి ఆరోగ్యసామి అరవం కలిపి అర్థం చెప్పినాడు:
ఇది కొబ్బరితోట.
ముందు జపానువాళ్ళు నరికినారు, రన్‌వేకని.
దాన్ని వీళ్ళు బాంబులేసి గుంతలు చేసినారు.
మళ్ళీ వీళ్ళే గుంతలు పూడ్చి, పగడపు రాయి దంచి పరిచి
ఇంకొంచెం పొడుగు చేసినారు.
యుద్ధం ముందుకు పోయింది. ఇప్పుడక్కడ
ఖాళీ పీపాలు, ఒక వంటవాడు, వాన.

తాత మేస్త్రిని పక్కకు జరిపి
తనకొచ్చిన నాలుగు ఇంగ్లీషు మాటల్లో
మూడు ఖర్చుపెట్టినాడు:
'గార్డెన్ మ్యాన్ వేర్?'

డెల్మర్ భుజాలెగరేసినాడు.

ఆ భుజాలు తాతకు కొత్త కాదు.
మూడేండ్ల కింద అమల్దారు
రాగిచేలో గొలుసు పరిచి కొలుస్తా ఉంటే
'మేమెక్కడికి పోవల్ల సామీ' అనింది మా ముత్తవ్వ.
అప్పుడు లేచినవీ ఇవే.
షెడ్డు ఆ చేని మీదే నిలబడింది.
తాత దిమ్మె పట్టుకొని కూర్చున్న చోటు
అడుగులేసి లెక్కపెడితే, మా అనప సాలు.

చెరువిప్పుడు నురుగు కక్కుతుంది.
గాలేస్తే రోడ్డు దాటి వచ్చి
నా స్కూటరు అద్దానికి అంటుకుంటుంది.
పొడుం డబ్బాలో ఆ ఇసుక ఇంట్లోనే ఉంది,
అరచెంచా; చెమ్మ తగిలి గడ్డకట్టింది.

కడసారి ఆస్పత్రిలో, నా బడి అట్లాసు తెరిచి
ఏదీ తాతా ఆ దీవి, అన్నాను.
నీలం పుట మీద వేలు ఊరికే తిరిగింది,
ఎక్కడా ఆగలేదు.
కాసేపటికి మంచం ఇనప పట్టీ మీద
గోటితో కొట్టినాడు.
ఒకటి.

సరే కాబోలనుకొని పుస్తకం మూసేలోపల
రెండోది.